రెండో తీగ

వికారాబాదులో గాలి మంచిదని అక్కడ కాపురం పెట్టి, తాండూరులో ఉద్యోగం చేసే మనుషులంటే నాకు మొదటి నుంచీ పడదు. గాలే అంత ముఖ్యమైతే దాన్నే పీల్చుకుంటూ ఇంట్లో కూర్చోవచ్చు కదా. మా ఇంజనీరు బాల్‌రాజ్ సారు ఆ బాపతే. పొద్దున్నే వికారాబాదులో రైలెక్కేవాడు. ఆ రైలు ధారూర్‌లో గూడ్సుబండికి దారిచ్చి అక్కడే కునుకు తీసేది. సారు పదకొండింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర రిక్షా దిగి, తెల్ల రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేవాడు. మేమంతా పుట్టినప్పటి నుంచీ ఆ రాతి దుమ్మే తింటున్నాం. మాలో ఒక్కడికీ రుమాలు లేదు.

నా పేరు ముక్తార్. 1982లో ఆ ఫ్యాక్టరీలో కరెంటు పని మేస్త్రీని. ఫ్యాక్టరీ పేరు చెప్పను, చెప్పి ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేమీ లేదు. పదో తరగతి తప్పాను. ఆ తర్వాత పదహారేళ్ళు తీగలతోనే బతికాను. కాగితాలు చదివి ఇంజనీర్లయినవాళ్ళకు నేను సలాం కొట్టేవాణ్ణి గానీ, ఆ సలాం వెనక ఏముందో నాకూ నా మనుషులకూ తెలుసు.

సంగతి అర్థం కావాలంటే ముందు మా బెల్టు గురించి చెప్పాలి. గని నుంచి ఫ్యాక్టరీకి మైలున్నర దూరం. రాయి అంత దూరమూ రబ్బరు బెల్టు మీద వచ్చేది. గని దగ్గర లారీలు రాయిని పెద్ద ఇనుప తొట్టిలో పోస్తాయి. తొట్టి అడుగు నుంచి అది బెల్టు మీద పడుతుంది. బెల్టును తిప్పే మోటారు మాత్రం ఇటు, ఫ్యాక్టరీలో ఉండేది. రోజుకు రెండు మూడుసార్లు తొట్టి గొంతులో రాయి ఇరుక్కునేది. అప్పుడు ఒక మనిషి కిందికి దిగి, ఆ బెల్టు మీదనే నిలబడి, గడ్డపారతో రాయిని కదిలించాలి. ఆ మనిషి చాంద్‌పాషా. మా చెల్లెలు జహీరాబీ మొగుడు.

దిగేముందు చాంద్‌పాషా తొట్టి పక్క గోడమీది స్విచ్చును ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకునేవాడు. ఫ్యాక్టరీలో బయల్దేరిన కరెంటు ఒక తీగలో గని దాకా పోయి, ఆ స్విచ్చులోంచి తిరిగి రావాలి. వస్తేనే మోటారు లేస్తుంది. రాకపోతే ఇక్కడ మేనేజరే వచ్చి బటన్ నొక్కినా బెల్టు కదలదు. లోపల దిగిన చాంద్‌పాషా ప్రాణం ఆ ఒక్క స్విచ్చు మీద ఉండేది. దాన్ని బిగించింది నేనే కాబట్టి మా జహీరాకు ధైర్యం.

చిక్కేమిటంటే, తీగ తెగినా కరెంటు తిరిగి రాదు. అంటే చాంద్‌పాషా ఆపినా, గాలివానకు తీగ తెగినా మోటారుకు ఒకటే లెక్క. ఆ ఏడు వానాకాలంలో తీగ తొమ్మిదిసార్లు తెగింది. ఒకసారి లారీ వెనక్కి వచ్చి స్తంభాన్ని గుద్దింది, ఒకసారి గనిలో మందు పేల్చితే రాయి ఎగిరొచ్చి తగిలింది. తెగినప్పుడల్లా బెల్టు ఆగేది. బెల్టు ఆగితే మా మేనేజరుకు తన గుండె ఆగినంత పనయ్యేది. మనుషులు ఆగితే మాత్రం ఆయనకు ఏమీ అయ్యేది కాదు, అంత గట్టి గుండె.

"ఒక తీగ పోతే ఇంకో తీగ అందుకోవాలి. బెల్టు ఆగకూడదు. ఎట్ల చేస్తరో మీ ఇష్టం," అని ఒకరోజు మమ్మల్ని పిలిచి చెప్పాడు.

ఎట్లా చేయాలో తేల్చడానికి మీటింగు పెట్టారు. టీలు, బిస్కెట్లు. నేను చెప్పింది సులువైన పద్ధతి. ఉన్న స్తంభాల మీదనే మొదటి తీగ కింద జానెడు దూరంలో రెండో తీగ లాగడం, పది రోజుల పని. లారీ గుద్దితే రెండూ కలిసే పోతాయని నాకు తెలియకపోలేదు. పోతే మళ్ళీ అతికిస్తాం, జీతం ఇచ్చేదే అందుకు. మేనేజరు పేపర్లో ఎక్కడో చదివి, తీగ లేకుండా రేడియోతో చేస్తే ఎట్లుంటదని అడిగాడు. దానికి ఢిల్లీ నుంచి అనుమతి వచ్చేసరికి ఆయన మనవడు మేనేజరవుతాడు. బాల్‌రాజ్ సారు రెండిటికీ తల అడ్డంగా ఊపాడు. రెండో తీగ వేరే దారిలో పోవాలి, ఒకదానికి వచ్చిన ఆపద రెండోదానికి రాకూడదు అన్నాడు.

అంతవరకు బాగానే ఉంది. ఆ వేరే దారి ఏదని ఆయన ఎవర్ని అడిగాడనుకున్నారు? గని దగ్గర వాచ్‌మన్ హన్మయ్యను. హన్మయ్య అంతకుముందు గొర్లు కాసేవాడు. మేపే బీడు గని కిందికి పోతే, ఏడవకుండా ఫ్యాక్టరీవాళ్ళు చేతికి ఒక కర్ర, ఒంటికి ఒక ఖాకీ చొక్కా ఇచ్చారు. చొక్కా వేసుకుని కూడా డ్యూటీలో ఇరవై గొర్లు మేపుకునే ఘనుడు. ఇంజనీరు చదువు చదివినవాడు పోయి పోయి గొర్లకాపరిని తీగదారి అడుగుతాడా! నాకు నవ్వు ఆగలేదు.

హన్మయ్య కర్ర మీద గడ్డం ఆనించాడు. "సారూ, రాయి ఉన్న జాగల స్తంభం పాతకున్రి. గీ తాండూర్ల రాయి ఉన్న జాగను ఇయ్యాల కాకుంటె రేపు ఎవడో ఒకడు తవ్వుతడు. గా తూర్పు దిక్కు మొరం గుట్ట ఉన్నది సూడు, దాని కింద రాయి లేదు. నా గొర్లు గా బాటనే పోతయ్. గక్కడ ఎవ్వడు తవ్వడు, లారీ రాదు," అన్నాడు.

బాల్‌రాజ్ సారు ఆ మాటలు జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకున్నాడండీ! మర్నాడు గొడుగు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఆ గొర్లబాట అంతా నడిచాడు. గుట్ట దిగేటప్పుడు జారి కూలబడ్డాడు, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. దారి అరమైలు ఎక్కువ, పని నలభై రోజులు పట్టింది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని నేనంటే నా మనుషులు స్తంభాల మీద నుంచి పడేటంతగా నవ్వారు. సారు కింద నిలబడి విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం రానివాణ్ణి చూస్తే నాకు ఇంకా చులకన.

పైగా నన్ను "ముక్తార్ గారూ" అని పిలిచేవాడు. మేస్త్రీని గారూ అన్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆ మాటకు నా మనుషులు నన్ను కూడా చూసి నవ్వేవారు. దానికీ ఆయన మీదే మండేది.

తీగ గని దాకా వచ్చాక, దాన్ని స్విచ్చుకు కలిపే పని మిగిలింది. ఆ స్విచ్చులో ఒక్క తీగకే చోటు. రెండు తీగల్నీ ఒక్కసారి ఆపే స్విచ్చు హైదరాబాదు నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది. మేనేజరు ఆరు రోజులు కూడా ఆగేటట్టు లేడు. అందుకని బాల్‌రాజ్ సారు ఒక నక్షా గీశాడు. రెండో తీగ కొసలను స్విచ్చు పక్కన ఒక చిన్న డబ్బాలో ముడివేసి మూసేయాలి. మొదటి తీగ తెగితే కరెంటు ఈ డబ్బాలోంచి తిరిగి వస్తుంది, బెల్టు ఆగదు. ఫ్యాక్టరీ వైపు రెండో తీగకు ఫ్యూజు మాత్రం పెట్టలేదు. సోమవారం మేనేజరు ముందర పెట్టి చూపించాలని అనుకున్నారు.

డబ్బాలో ఆ కొసలను ముడివేసింది నేనే. వేస్తుంటే నా చేతికే ముందు తెలిసింది. ఈ రెండో తీగకు చాంద్‌పాషా స్విచ్చుతో చుట్టరికమే లేదు. చాంద్‌పాషా తాళం వేసి కిందికి దిగితే, తీగ తెగిందేమోనని రెండోది అందుకుంటుంది. బెల్టు తిరుగుతుంది. మనిషి ఆపాడా, గాలివాన ఆపిందా అన్న తేడా దానికి తెలియదు. గాలివాన గురించి నలభై రోజులు ఆలోచించిన పెద్దమనిషి, మనిషి చెయ్యి గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. గొర్లబాటలన్నీ తిరిగి వచ్చి ఇంటి గడపకు తట్టుకుని పడ్డాడు.

ఆయన నా వెనకనే నిలబడి ఉన్నాడు. "ముక్తార్ గారూ, ఎక్కడన్నా పొరపాటు కనిపిస్తే చెప్పండి. నేను కాగితం మీద చూస్తాను, మీరు చేత్తో చూస్తారు," అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. "మీరు గీసినంక తప్పేముంటది సారూ," అన్నాను.

ఆ మాట అన్న తీరుకు అప్పట్లో నాకు చాలా గర్వంగా ఉండేది. ఎందుకు చెప్పలేదంటే, సోమవారం ఉంది కదా. మేనేజరు, పెద్దలు అందరూ చూస్తుండగా నేనే గనికి ఫోన్ చేసి స్విచ్చుకు తాళం వేయమంటాను. ఆ తర్వాత బటన్ నొక్కమంటాను. తాళం వేసిన బెల్టు గిర్రున తిరుగుతుంది. రుమాలు ముక్కు మీద నుంచి జారుతుంది. "సారు గీసిన నక్షా గిది," అని ఒక్క మాట అని ఊరుకుంటాను. ఫ్యూజు లేనిదే ఆ తీగ ఉట్టి తీగ, సోమవారం దాకా దాంతో ఎవరికీ ప్రమాదం లేదు. అట్లా లెక్క కట్టుకున్నాను. మూడు రోజులు ఆ తమాషాను తలుచుకుని కడుపుబ్బ నవ్వుకున్నాను.

బుధవారం సాయంత్రం చెల్లెలి ఇంట్లో భోంచేశాను. ఇంట్లో మేం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. చాంద్‌పాషా చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. "భాయ్, రెండో తీగ వచ్చింది గద. నా స్విచ్చు ఏమన్న మారుతదా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే మర్నాటికి గనంతా పాకుతుంది, సారు చెవిన పడుతుంది, గుట్టుచప్పుడు కాకుండా సరిచేసుకుంటాడు. నా సోమవారం పోతుంది. "నీ స్విచ్చు నీదే. ఫికర్ చెయ్యకు," అన్నాను.

"నువ్వేసిన తీగకు నాకేం ఫికర్ భాయ్," అన్నాడు.

శుక్రవారం మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. గని మీద సగం మంది మావాళ్ళే కాబట్టి, జుమ్మా నమాజుకని పన్నెండున్నర నుంచి రెండింటి దాకా బెల్టు ఆపేవారు. కాగితాల్లో ఎక్కడా రాసి ఉండదు, నిజాం కాలం నుంచి గనుల్లో ఉన్న అలవాటు. బెల్టు ఎట్లాగూ ఆగుతుంది కాబట్టి, పొద్దుటి నుంచి ఇరుక్కున్న రాళ్ళను చాంద్‌పాషా అప్పుడే తీసేసేవాడు. పది నిమిషాల పని. తీసి, స్నానం చేసి, సైకిలు మీద మసీదుకు వచ్చేవాడు. ఆ వేళకు తొట్టి కింద మనిషి ఉంటాడని గని మీద కుక్కకు కూడా తెలుసు. వికారాబాదు నుంచి వచ్చేవాడికి తెలియదు. ఆయన చేరిన నాలుగు నెలల్లో ఒక్క శుక్రవారం మధ్యాహ్నం కూడా గని వైపు రాలేదు.

ఆ శుక్రవారం పన్నెండున్నర దాటగానే ఆయన మోటారు దగ్గరికి వచ్చాడు. బెల్టు ఆగి ఉండటం చూశాడు. సోమవారం పెద్దల ముందు పరువు పోకుండా రెండో తీగను ఒకసారి చూసుకుందామనుకున్నాడు. ఫ్యూజు పెట్టాడు. గనికి ఫోన్ చేస్తే హన్మయ్య ఎత్తాడు.

"హన్మయ్యా, స్విచ్చు ఆపే ఉందా?" అని అడిగాడు.

"ఆపే ఉన్నది సారూ, తాళం గూడ ఏసి ఉన్నది."

అడిగినదానికి హన్మయ్య జవాబు చెప్పాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని ఆయన అడగలేదు, తాళం వేసే ఉంది కదా అని ఈయన చెప్పలేదు. స్విచ్చుకు తాళం వేసి ఉంది కాబట్టి బెల్టు కదలకూడదు. కదలదని తేల్చుకోవడానికే బాల్‌రాజ్ సారు బటన్ నొక్కాడు.

బెల్టు కదిలింది. ఆయన వెంటనే ఆపాడు. నాలుగైదు సెకన్లు తిరిగి ఉంటుంది, అంతే. ఆ నాలుగైదు సెకన్లలో చాంద్‌పాషా కుడికాలు బెల్టుకూ దాని కింద తిరిగే ఇనుప గుండుకూ మధ్యకు పోయింది.

అప్పుడు నేను తాండూరు మసీదులో మొదటి వరసలో ఉన్నాను. అబద్ధం ఎందుకు, నమాజులో కూడా నా మనసు సోమవారం మీదనే ఉంది. బయటికి వస్తే హన్మయ్య చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. మైలున్నర పరుగెత్తి, దారిలో ఎవరి లారీనో పట్టుకుని వచ్చాడట. "మేస్త్రీ, తాళం ఏసే ఉన్నది. సెవి గాయన మెడలనే ఉన్నది. బెల్టు ఎట్ల తిరిగె? నువ్వు సెప్పు, ఎట్ల తిరిగె?" అని నా చొక్కా పట్టుకుని అడిగాడు.

చాంద్‌పాషాను రైల్లో హైదరాబాదు తీసుకుపోయాం. దవాఖానాలో కాలు మోకాలి పైకి తీసేశారు. జహీరా నా భుజం మీద పడి ఏడుస్తూ, "తాళం ఏసినంక ఎట్ల తిరిగింది భయ్యా," అంది. హన్మయ్య అడిగిందే అడిగింది. తీగల సంగతి చెల్లెళ్ళకు అర్థం కాదులే అన్నట్టు తల నిమిరాను.

తిరిగి వచ్చి నేను చేసిన మొదటి పని, స్టోరులోంచి ఇంకో పాత స్విచ్చు తీసి మొదటిదాని పక్కన బిగించడం. రెండిటి పిడులనూ ఒక ఇనుప కడ్డీతో కలిపితే, ఒక్క చేత్తో రెండు తీగలూ ఆగుతాయి. హైదరాబాదు సామాను అవసరమే లేదు. అరగంట పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఈ ఉపాయం నాకు డబ్బాలో ముడి వేసిన రోజునే తోచింది.

విచారణకు కంపెనీ పెద్దాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. బాల్‌రాజ్ సారు ఏదో ఒక సాకు చెబుతాడని, నెపం నా మీదికో హన్మయ్య మీదికో నెడతాడని నేను కాచుకుని కూర్చున్నాను. నెడితే బాగుండుననే అనుకున్నాను. ఆయన లేచి నిలబడి, "నక్షా నాది. స్విచ్చును మరిచిపోయింది నేను. బటన్ నొక్కింది నేను. వీళ్ళెవరి తప్పూ లేదు," అన్నాడు. అంతే. ఇంకొక్క మాట కలపలేదు.

అధికారి నా వైపు తిరిగాడు. "మేస్త్రీ, ముడి వేసింది నువ్వే కదా. నీకేమీ అనుమానం రాలేదా?"

"లేదు సారూ. కాగితంల ఏమున్నదో గదే చేసిన. నేను పదో తరగతి తప్పినోణ్ణి," అన్నాను.

జీవితంలో మొదటిసారి ఆ పదో తరగతి నాకు అక్కరకు వచ్చింది. అధికారి జాలిగా చూసి రాసుకున్నాడు. బాల్‌రాజ్ సారు నా ముఖంలోకి చూశాడు. ఆయనకు అనుమానం వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన ఉద్యోగం పోయింది. తాండూరు స్టేషన్లో చివరిసారి చూశాను. ప్లాట్‌ఫారం చివర ఒక ట్రంకు పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. తప్పించుకుపోదామనుకున్నాను గానీ ఆయనే నా దగ్గరికి వచ్చాడు.

"ముక్తార్ గారూ, చాంద్‌పాషా ఎట్లా ఉన్నాడు?"

"ఉన్నడు సారూ."

"దారి కోసం హన్మయ్యను అడిగాను. ముడి గురించి మిమ్మల్ని అడిగాను. కింద దిగే మనిషినే అడగలేదు. ఆయన్ను అడిగి ఉంటే, నేను తాళం వేస్తే రెండో తీగ కూడా ఆగుతుందా సారూ అని ఒక్క ప్రశ్న వేసేవాడు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుమాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ ప్రశ్న చాంద్‌పాషా వేశాడు. ఆయన్ను కాదు, నన్ను. ఆ మాట ఆయనకు అక్కడే చెప్పి ఉంటే కనీసం ఒక్కసారి మనిషిననిపించుకునేవాణ్ణి. రైలొచ్చింది. ట్రంకు పెట్టె ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాను. ఆయన దానికి కూడా థాంక్స్ చెప్పాడు.

పదహారేళ్ళు నేను ఎంతమందిని చూసి నవ్వానో లెక్కలేదు. రుమాలువాణ్ణి చూసి, గొర్లవాణ్ణి చూసి, మేనేజరును చూసి. వాళ్ళలో ఒక్కడు కూడా తెలిసి తెలిసి మనిషిని తొట్టిలోకి దింపలేదు. అది నేనే చేశాను. ఒక సోమవారం తమాషా కోసం చేశాను. ఇంత నీచుణ్ణి నేను ఆ ఫ్యాక్టరీలో ఇంకొకణ్ణి చూడలేదు.

రెండో తీగ మాత్రం బంగారంలా పనిచేసింది. హన్మయ్య అన్నట్టే ఆ గుట్ట వైపు ఎవడూ తవ్వలేదు. మొదటి తీగ ఎన్నిసార్లు తెగినా బెల్టు ఆగలేదు. మేనేజరు సంతోషించి ఆ పని నా పేరు మీద వేసి, నన్ను ఫోర్‌మన్‌ను చేశాడు. నేను వద్దనలేదు.

చాంద్‌పాషా ఇప్పుడు ఒక పాలిషింగు బండల షెడ్డు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని లారీలు రాసుకుంటాడు. శుక్రవారం మధ్యాహ్నాలు నేను వాళ్ళింట్లోనే తింటాను. జహీరా అన్నం వడ్డిస్తూ ఈనాటికీ ఆ ఇంజనీరును తిడుతుంది, వాడి వంశం నాశనం కాను అంటుంది. చాంద్‌పాషా తిట్టడు.

"పోనీయ్, గాయనకు మాత్రం ఎట్ల తెలుస్తది? సెప్పెటోడు ఒక్కడు లేకపాయె, పాపం," అంటాడు.

జహీరా నా వైపు చూస్తుంది. నేను తల వంచుకుని అన్నం కలుపుకుంటూ, "చదువుకున్న గాడిద వాడు," అంటాను.